శాలువా కప్పి పంపేశాం

ఇరవై రెండేళ్ళ ఉద్యోగంలో నేను రాసిన సర్టిఫికెట్లలో ఒక్కటే తిరిగొచ్చింది. మిగతావన్నీ ఏయే దేశాలకో వెళ్ళిపోయాయి. ఎవరెవరి ఇళ్ళలోనో గోడలకు వేలాడుతూ ఉంటాయి. వాటిలో ఏం రాశానో నాకే గుర్తులేదు, ఎందుకంటే అన్నింటిలోనూ ఒకటే రాశాను. తిరిగొచ్చినదాని గురించి చెబుతాను. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు కొందరు మొన్నామధ్య ఇంటికొచ్చి, "మీ అనుభవం చెప్పండి సార్" అన్నారు. గొప్పగా చెప్పుకోదగ్గవి రెండు మూడు ఉన్నాయి. అవి ఎవరినడిగినా చెబుతారు. ఇది మాత్రం నేను చెప్పకపోతే ఎవరూ చెప్పరు.

మాది పెంటపాడు దగ్గర వరి వ్యవసాయం చేసుకునే కుటుంబం. తాడేపల్లిగూడెంలో కాపురం, ఏలూరులో ఉద్యోగం, రోజూ పాసింజరు రైలు. మా సంస్థ చిన్నది. జీతం తీసుకోకుండా పనిచేస్తామంటూ వేరే దేశాల నుంచి వచ్చేవాళ్ళని వాలంటీర్లుగా కొల్లేటి లంక గ్రామాల్లో ఏడాదికో రెండేళ్ళకో ఉంచేవాళ్ళం. వాళ్ళకి వసతి చూడటం, పోలీసు రిజిస్ట్రేషన్లు చేయించడం, కారం తక్కువ వెయ్యమని ఇల్లిచ్చినవాళ్ళకి చెప్పడం, వెళ్ళేటప్పుడు సర్టిఫికెట్ రాయడం నా పని. నా ఇంగ్లీషు డ్రాఫ్టింగ్ అంటే ఆఫీసులో మంచి పేరుండేది. ఆ పేరే నా కొంప ముంచింది.

ఆ అమ్మాయి తూర్పు ఆఫ్రికా నుంచి వచ్చింది. ఇరవై ఆరేళ్ళుంటాయి. ఫారిన్ వాలంటీరు వస్తోందంటే లంకలో అందరూ తెల్లమ్మాయిని ఊహించుకున్నారు. రోడ్డు మీద దండ పట్టుకుని నిలబడ్డ పంచాయతీ ప్రెసిడెంటుగారు నన్ను పక్కకి లాగి, "ఏవండీ మేస్టారూ, ఫారినమ్మాయి అన్నారు?" అన్నాడు. ఈవిడే అన్నాను. ఆయన మొహం చూసి నాకు సిగ్గేసింది. నాకూ లోపల కాస్త అలాంటి ఆలోచనే ఉంది కాబట్టి ఇంకా సిగ్గేసింది. నేను మేస్టార్ని కాకపోయినా కళ్ళజోడు, చేతిలో ఫైలు ఉన్నందుకు అక్కడ అందరూ నన్ను అలాగే పిలిచేవారు.

రోడ్డు దిగాక లంకలోకి దోనె మీద వెళ్ళాలి. గుర్రపుడెక్కలో దోనె ఇరుక్కుపోతే నడిపేవాడు తంటాలు పడుతున్నాడు. ఆ అమ్మాయి లేచి, అతని చేతిలో గెడ తీసుకుని, రెండు పోట్లలో బయటికి లాగింది. ఆమె పుట్టింది పెద్ద సరస్సు ఒడ్డున. వాళ్ళ నాన్న చేపలు పట్టేవాడట. ప్రెసిడెంటుగారు దండ అప్పుడు వేశాడు.

ఆమె పని మంచినీళ్ళు. లంకలో ఇంటింటికీ అరుగు మీద నీళ్ళ డ్రమ్ము ఉంటుంది. రోడ్డు బాగున్నన్నాళ్ళూ తాగడానికి టిన్నులు వస్తాయి. వాన పట్టి రోడ్డు మునిగితే అవి రావు, డ్రమ్ములో నీళ్ళే గతి. వాటిలో క్లోరిన్ బిళ్ళ వేసి తాగడం అలవాటు చెయ్యాలి. వారానికోసారి ఇంటింటికీ వెళ్ళి బిళ్ళలిచ్చేది. డ్రమ్ములోంచి కాసిని నీళ్ళు తీసి మందు చుక్క వేస్తే, బిళ్ళ పడి ఉంటే పసుపు రంగు తిరగాలి. తిరిగేది. "తాగుతున్నారా అండీ?" అని అడిగేది. ఈ ముక్క మొదటి వారంలోనే నేర్చుకుంది. "ఆయ్, తాగుతున్నామండి," అనేవారు. రిజిస్టరులో టిక్కు పెట్టుకునేది. మూడు నెలల టిక్కులు చూసి నేను రిపోర్టు రాశాను. చాలా బాగా వచ్చింది రిపోర్టు.

ఎవరూ తాగడం లేదు.

బిళ్ళ వాసన వాళ్ళకి పడలేదు. డ్రమ్ములో ఆమె కళ్ళెదుటే బిళ్ళ వేసేవారు, ఆ నీళ్ళు అంట్లకీ వలలు కడగడానికీ వాడేవారు. తాగే బిందె ముందే నింపుకుని వంటింట్లో వేరే ఉంచుకునేవారు. అందులో బిళ్ళ పడేది కాదు. ఆ మాట ఆమెతో అనలేదు. అంత దూరం నుంచి వచ్చిన పిల్ల, మనకోసం ఎండలో తిరుగుతోంది, మొహం మీద వద్దంటామా? మా వైపు వద్దనడం కూడా "అలాగేనండి" అనే అంటాం. వినేవాడు తెలుసుకోవాలి. నాకు తెలుసు. నేను ఇక్కడివాణ్ణే కదా. కానీ టిక్కులు నాకూ బాగున్నాయి. ఇక ఆ అమ్మాయి సంగతంటారా, పిలవకుండా ఒకరి వంటింట్లోకి వెళ్ళడం వాళ్ళ ఊళ్ళోనూ మర్యాద కాదట. అరుగు దాటేది కాదు. ఆమె మర్యాద ఆమెది, వాళ్ళ మర్యాద వాళ్ళది.

మొదటి వానాకాలంలో ఒకావిడ పోయింది. ఆ అమ్మాయి ఎవరింట్లో ఉండేదో ఆవిడకి తోటికోడలు. రెండు రోజులు వాంతులు, విరేచనాలు. దోనె ఎక్కించి రోడ్డుకి తెచ్చి ఆటోలో పడుకోబెట్టారు. ఏలూరు రాకముందే ప్రాణం పోయింది. నీళ్ళ వల్లే అయ్యుంటుందన్నారు డాక్టరుగారు.

మూడో రోజున ఆ అమ్మాయి మా ఆఫీసుకొచ్చి నా టేబుల్ మీద ఒక గాజు సీసా పెట్టింది. నిండా క్లోరిన్ బిళ్ళలు. పోయినావిడ వంటింట్లో దొరికింది. వారం వారం ఇచ్చినవి దాదాపు అన్నీ ఉన్నాయి. ఈమె వెళ్ళే రోజు తప్ప మిగతా రోజుల్లో డ్రమ్ములో కూడా వెయ్యకుండా దాచిపెట్టిందన్నమాట. పారెయ్యలేదు. ఇచ్చిన వస్తువు పారేస్తే పిల్ల నొచ్చుకుంటుందని.

"నేను అరుగు మీదే ఆగిపోయాను సార్," అంది.

అప్పుడు నేనన్న మాట ఇన్నేళ్ళయినా నన్ను వదల్లేదు. "ఇందులో మీ తప్పేం లేదమ్మా. ఈ సంగతి ఎక్కడా రాయకండి," అన్నాను. ఓదార్పు అనుకున్నాను. ఆమె సీసా తీసుకుని వెళ్ళిపోయింది. తిరుగు టిక్కెట్టు కొనిపెట్టమంటుందేమో అనుకున్నాను. అడగలేదు. లంకకే వెళ్ళింది. రిజిస్టరులో ఉన్నదున్నట్టు రాసుకుంది. నా రిపోర్టులో నేను రాయలేదు.

తర్వాత ఏడాదిన్నర పైగా ఆమె ఏం చేసిందో నాకు పైపైనే తెలుసు. తిరిగి వెళ్ళే రోజు మాత్రం బాగా గుర్తుంది. మే నెల ఎండలో పందిరి వేసి, శాలువా కప్పాం. చీర పెట్టాం. చెమటలు కారుతున్నా ఆమె శాలువా తియ్యలేదు. సన్మాన పత్రం నేనే రాశాను, ప్రెసిడెంటుగారు చదివాడు. సేవాతత్పరురాలు, మృదుభాషిణి, కరుణామయి. సన్మాన పత్రం ఎలా ఉంటుందో మీకు తెలుసు. పేరు మారిస్తే రిటైరైన హెడ్మాస్టరుకీ సరిపోతుంది. దాన్నే ఇంగ్లీషు చేసి లెటర్‌హెడ్ మీద సర్టిఫికెట్ ఇచ్చాను. టైపు చేసిన మా ఆఫీసు అమ్మాయి, "సార్, ఇందులో ఆవిడ చేసిన పని ఏదండీ?" అంది. "పని అందరూ చేస్తారమ్మా. గుణం చెప్పాలి," అన్నాను. ఆ మాటకి నాలో నేనే మురిసిపోయాను కూడా.

వాళ్ళ దేశంలో ఒక పద్ధతి ఉందట. బయటి దేశంలో జీతం లేకుండా చేసిన పనిని కూడా ఉద్యోగానుభవంగా లెక్కలోకి తీసుకుంటారు. అయితే ఊరికే కాదు. ముగ్గురు సభ్యుల కమిటీ ఒకటి చూసి, పని నిజంగా జరిగిందని నమ్మాలి. ఆ అమ్మాయి వాళ్ళ జిల్లాలో మంచినీటి శాఖ ఉద్యోగానికి పెట్టుకుంది. రెండేళ్ళ అనుభవం కావాలి. ఆమెకున్న రెండేళ్ళూ కొల్లేటివే.

కమిటీ నుంచి నా సర్టిఫికెట్ ఒక ప్రశ్నతో తిరిగొచ్చింది. "తాను సరిగా తనిఖీ చెయ్యని కారణంగా మొదటి వానాకాలంలో ఒకరు చనిపోయారనీ, ఆ తర్వాత పని విధానం మార్చుకున్నాననీ దరఖాస్తుదారు రాశారు. మీ పత్రంలో అది లేదు. ఏది నిజం?"

ప్రెసిడెంటుగారికి ఫోన్ చేశాను. "ఉద్యోగం వచ్చే వేళ ఆ పిల్ల నెత్తిన చావు రుద్దుతామా మేస్టారూ? అలాంటిదేం లేదని రాసెయ్యండి," అన్నాడు. నాకూ అదే న్యాయమనిపించింది. అలాంటి అవాంఛనీయ సంఘటన ఏదీ జరగలేదని, ఆమె సేవలు ఆద్యంతం నిర్దోషమని, నా దగ్గరున్న మంచి మాటలన్నీ ఏరి మరీ రాశాను. ఎంత శ్రద్ధగా రాశానో. ఆమెని కాపాడుతున్నాననుకున్నాను.

రెండు వారాల తర్వాత ఆమె నుంచి వాయిస్ మెసేజ్ వచ్చింది. తెలుగులోనే మాట్లాడింది.

"సార్, ఆవిడ చనిపోలేదా అండీ? లేదని మీరు రాశారట."

అంతే ఉంది. కోపం లేదు. తెలియక అడుగుతున్నట్టే ఉంది. ఏలూరు స్టేషన్‌లో బెంచీ మీద కూర్చుని విన్నాను. నా రైలు వచ్చి వెళ్ళిపోయింది.

నేను రాసినదాని వల్ల ఇద్దరికి అన్యాయం జరిగింది. ఒకామె అబద్ధాలకోరు అయింది. ఇంకొకామె చావు లేకుండా పోయింది. ఆ ఏడాది ఉద్యోగం వేరేవాళ్ళకి ఇచ్చేశారు. దరఖాస్తు మాత్రం కొట్టెయ్యలేదు, వివాదంలో ఉందని పక్కన పెట్టారు. కమిటీకి మళ్ళీ రాశాను. ఈసారి నాలుగే వాక్యాలు. నేను రాసింది తప్పు, ఆమె రాసింది నిజం, ఊరివాళ్ళని మీరే అడగండి, వీడియోలో మాట్లాడిస్తాను అని. ఒప్పుకున్నారు.

ఆ రోజు వాళ్ళకి పొద్దున్న, మాకు మధ్యాహ్నం. లంకలో కమ్యూనిటీ హాల్లో లాప్‌టాప్ పెట్టాం. ఊరంతా ఇస్త్రీ బట్టల్లో వచ్చింది. తెర మీద కమిటీ ముగ్గురు, వాళ్ళకి పక్కగా, కొంచెం వెనక్కి, ఆ అమ్మాయి. మేం కప్పిన శాలువా భుజాల మీద వేసుకుని కూర్చుంది. అది చూడగానే మా ఆడవాళ్ళు గోల గోలగా చేతులూపారు. ఆమె తల వంచుకునే ఉంది. తర్జుమా చెయ్యడానికి నేను. నిజం చెప్పాలని ముందే ఊరివాళ్ళకి నూరిపోశాను. అందరూ అలాగేనండి అన్నారు. ఆ మాట వినగానే నేను భయపడాల్సింది.

కమిటీ పెద్ద ఒక నడివయసు ఆవిడ. సూటిగా అడిగింది. "ఆమె చేసిన తప్పులు ఏమిటి?"

తెలుగులో చెప్పాను. ప్రెసిడెంటుగారు లేచి, "తప్పులేం లేవండీ. బంగారంలాంటి పిల్లండీ," అన్నాడు. వెనకాల నలుగురు అవునండీ అవునండీ అన్నారు. ఇంకొకాయన, "మా ఇంటి ఆడపడుచులాంటిదండీ," అన్నాడు. తర్జుమా చేస్తున్నాను. తెర మీద ఆవిడ పెన్ను కదలడం లేదు. పెన్ను మూతపెట్టి కింద పెట్టేసింది కూడా. ఆ అమ్మాయి రెండేళ్ళూ అక్కడే, మా మంచితనం కింద నలిగిపోతున్నాయి. నోరు తెరిచి నేనే చెప్పేద్దామా అనుకున్నాను. కానీ నా మాటకి అక్కడ విలువ ఎప్పుడో పోయింది.

"మీరు కూర్చోండి ప్రెసిడెంటుగారూ."

వెనక వరసలోంచి, ఆమెకి ఇల్లిచ్చినావిడ. యాభై ఏళ్ళుంటాయి. చెరువుల మీద పనికెళ్ళే మనిషి. పొద్దున్న పనిలోంచి అలాగే వచ్చేసింది, చీర అంచుకి బురద ఆరిపోయి ఉంది. ముందుకొచ్చి తెర ఎదురుగా నిలబడింది.

"ఆ పిల్లేం దేవత కాదండీ. వచ్చిన కొత్తలో దానికేం తెలీదు. అరుగు మీద డ్రమ్ము చూసి ఎల్లిపోయేది, వంటింట్లో బిందె చూసేది కాదు. మేమేమో తాగుతున్నామని చెప్పేవోళ్ళం. తాగేవోళ్ళం కాదండి. నేనూ తాగలేదు. నా ఇంట్లో దానికో బిందె, మాకో బిందె పెట్టేదాన్ని. నవ్వుతా అబద్ధమాడేదాన్ని. మా తోటికోడలూ అంతే. అది పోయిందండి."

నేను ఇంగ్లీషులో చెప్పాను. కొంత మింగేశాను.

ఆవిడ నా వైపు తిరిగింది. "నేనంతసేపు చెబితే మీరు ముక్కలో తేల్చేశారేంటండీ? నేను చెప్పింది చెప్పినట్టు చెప్పండి. మీ మాటలు కలపకండి, నావి తీసెయ్యకండి."

మళ్ళీ మొదటి నుంచి చెప్పాను. తెర మీద ఆవిడ పెన్ను మూత తీసింది.

"తోటికోడలు పోయాక ఆ సీసా పట్టుకుని నా వంటింటి గుమ్మంలోకొచ్చింది. పిన్నిగారూ, మీరు తాగుతున్నారా అంది. లేదే పిల్లా అన్నాను. అక్కడే కూలబడిపోయింది. ఎల్లిపోతుంది అనుకున్నాం. ఎల్లలేదు. ఆ మర్నాటి నుంచి ఇంటింటికీ పోయి, లోపలికి రానా అని అడిగేది. వద్దంటే గుమ్మంలో కూర్చునేది. మా ఊరోళ్ళు ఎంతసేపని వద్దంటారండీ? ఎంత మందేస్తే వాసన ఎక్కువ రాదో ఇంటింటి బిందెలోనూ చుక్కలేసి చూసింది. బిందె మీద గుడ్డ కట్టి గంటసేపు ఉంచమనేది. ముందు తను తాగి అప్పుడు గ్లాసు మాకిచ్చేది. బాగుందా అని అడగడం మానేసింది. మింగేదాకా నిలబడేది. ఆ తర్వాత వరదొచ్చి పదకొండు రోజులు రోడ్డు మునిగింది. టిన్నుల్లేవు. అవే నీళ్ళు తాగాం. ఒక్కళ్ళూ మంచం పట్టలేదండి."

కమిటీ ఆవిడ అడిగింది. "మీ ఇంటి మనిషి పోయింది కదా. అప్పుడే ఆమెను ఎందుకు పంపెయ్యలేదు?"

ఇల్లిచ్చినావిడ తెర వైపు ఇంకో అడుగు వేసింది.

"పంపేత్తే ఇంకో పిల్లొచ్చేదండి. ఆ పిల్లకీ తాగుతున్నామనే చెప్పేవోళ్ళం. దీనికి మళ్ళీ ఆ అబద్ధం చెప్పలేం కదండీ."

ఇది నేను తర్జుమా చెయ్యకముందే తెర మీద ఆ అమ్మాయి తలెత్తింది. ఆమెకి తెలుగొచ్చు కదా. "పిన్నిగారూ," అంది. శాలువా అంచుతో మొహం కప్పుకుంది. నేను ఇంగ్లీషులో ఆ మూడు వాక్యాలు చెప్పడానికి చాలా సేపు పట్టింది. ముగ్గురూ ఓపిగ్గా ఆగారు.

నెల తిరక్కముందే ఉత్తరం వచ్చింది. రెండేళ్ళ పనినీ పూర్తిగా అనుభవంగా గుర్తిస్తున్నామన్నారు. మరుసటి ఏడు ఆమెకి ఉద్యోగం వచ్చింది. మధ్యలో పోయిన ఏడాది మాత్రం నేను పోగొట్టిందే. క్షమించమని అడిగాను. "మీరు నాకు మంచి చేద్దామనుకున్నారు సార్," అంది. తిట్టినా బాగుండేది.

నాకు తెలిసిన ఒక్క సంగతి చెబుతాను, ఆపైన మీ ఇష్టం. ఎవరో దేశం దాటి వచ్చి మన కోసం పనిచేశారంటే వాళ్ళకి మనం ఇవ్వగలిగింది వాళ్ళు ఏం చేశారో చూసి, చూసింది చెప్పడమే. పొగడటం తేలిక. నేను ఇరవై రెండేళ్ళూ పొగిడాను, చూడలేదు.

ఆ ఉత్తరంతో పాటు కొత్త ఫారం ఒకటి పంపారు. పాత సర్టిఫికెట్ చెల్లదు కాబట్టి అది నింపి పంపాలి. మూడో పేజీలో ఒక గడి ఉంది, "వాలంటీరుకు పని నేర్పినవారు" అని. అన్నేళ్ళుగా ఎవరి కాగితాల్లోనైనా అలాంటి గడిలో నా పేరూ హోదా రాసుకునేవాణ్ణి. ఇంకెవరి పేరు రాస్తారు, ఆఫీసరు ఉండగా? ఫారం పట్టుకుని లంకకి వెళ్ళాను. ఇల్లిచ్చినావిడ అరుగు మీద కూర్చుని వల బాగుచేస్తోంది. విషయం చెప్పి, "ఇక్కడ మీ పేరు రాస్తానమ్మా," అన్నాను.

ఆవిడ చేతిలో పని ఆపలేదు.

"నేనేం నేర్పానండీ? నేనూ అబద్ధమే చెప్పాను కదా. అది నేర్చుకుంది మా తోటికోడలి దగ్గర. దాని పేరు రాయండి."

పూర్తి పేరు అడిగాను, ఇంటిపేరుతో సహా చెప్పింది. అరుగు మీదే కూర్చుని రాశాను. అక్షరాలు మళ్ళీ ఒకసారి సరిచూసుకున్నాను. పేరు కింద ఫోన్ నంబరు గడి ఉంది. అది ఖాళీగా వదిలేశాను.